పాత మోటారు బండికి క్రొత్త మీటర్లు

కోనరావుపేట మండలములో బావిమీదనో బోరుమీదనో మోటారు పెట్టుకొని సేద్యము చేయు రైతునకు మీటరు చదువుట ఎవరును నేర్పనక్కరలేదు. స్టార్టరు డబ్బామీది రెండు ముళ్ళను చూచినంతనే కరెంటు సరిగ వచ్చుచున్నదో లేదో, మోటారుపై బరువు ఎంత పడుచున్నదో అతడు చెప్పగలడు. వోల్టేజి పడిపోయి ఆంపియరు ముల్లు పైకి పోవుచుండగా మోటారును ఆపనిచో వైండింగు కాలిపోవునని అతనికి అనుభవమే నేర్పినది. కాని ఆ రైతే తన పాత జీపులోనో కారులోనో కూర్చున్నపుడు ఎదుటనున్న మీటర్లను అంతగా లెక్కచేయుట లేదు. వానిలో సగము పనిచేయవు. పనిచేయునవి నిజము చెప్పుచున్నవో లేదో తెలియదు. వేములవాడ జాతరకు ఇంటిల్లిపాదిని ఎక్కించుకొని బయలుదేరిన బండి దారిలో ఇంజను పట్టివేసి నిలిచిపోవుటకు, బోనెట్టు క్రింద వైరులు అంటుకొనుటకు ఈ ఉపేక్షయే పెక్కుసార్లు కారణమగుచున్నది.

పాత బండ్లకు అసలు మీటర్లు దొరకుట నానాటికి కష్టమగుచున్నది. ఉత్తరపారాలోని హిందుస్థాన్ మోటార్సు కర్మాగారము అంబాసిడరు కారు ఉత్పత్తిని 2014లో నిలిపివేసినది. మారుతి 800 తయారీ కూడ ఆ సంవత్సరముననే ఆగిపోయినది. మహీంద్రావారి పాత జీపులకు కొన్ని భాగములు దొరకినను, ఏ సంవత్సరపు బండికి ఏ మీటరు సరిపోవునో చెప్పగలవారు తగ్గిపోవుచున్నారు. అందువలన పాతవానిని తీసివేసి, బజారులో అమ్ము ఇతర కంపెనీల మీటర్లను బిగించుకొనుట పరిపాటియైనది. ఈ పని తప్పు కాదు. తెలిసి చేసిన బండికి ఆయువు పోసినట్లే. తెలియక చేసిన యెడల పనిచేయని మీటరుకంటె అబద్ధము చెప్పు మీటరు ఎక్కువ కీడు చేయును. ముల్లు కదలనిచో మనిషి అనుమానించి దిగి చూచును. తళతళలాడు క్రొత్త ముల్లు మధ్యలో నిలిచియున్నచో నమ్మి ముందుకు పోవును.

మొదట గ్రహించవలసినది ఒక్కటి. మీటరనగా డాష్‌బోర్డుమీద కనబడు గుండ్రని బిళ్ళ మాత్రమే కాదు. దానికి రెండవ సగము ఇంజనులోనో, పెట్రోలు ట్యాంకులోనో దాగియుండును. వేడిని, ఆయిలు ఒత్తిడిని, ట్యాంకులోని మట్టమును అక్కడ కూర్చుండి కొలుచు ఈ భాగమును సెండరందురు. మన గ్యారేజీలలో దీనినే బల్బు అనియు, ట్యాంకులోనిదైనచో ఫ్లోటు అనియు వాడుచున్నారు. సెండరు తాను కొలిచినదానిని బట్టి విద్యుత్తునకు కలిగించు నిరోధమును మార్చును. ఆ నిరోధమును ఓములలో కొలుతురు. ముందున్న ముల్లు ఆ ఓములను చదివి కదలును. ఇద్దరి లెక్క ఒకటియైననే చూపినది నిజమగును. గజముతో కొలిచి మీటరుతో ధర కట్టినట్లు, ఒక కంపెనీ సెండరుకు మరియొక కంపెనీ ముల్లు జోడించినచో లెక్క తారుమారగును.

పెట్రోలు మీటరులో ఈ తారుమారు స్పష్టముగ కనబడును. అమెరికా పద్ధతి ఫ్లోటు ట్యాంకు ఖాళీగ ఉన్నపుడు సుమారు 240 ఓములు, నిండినపుడు సుమారు 33 ఓములు చూపును. ఐరోపా పద్ధతిలో ఖాళీకి 10, నిండుకు 180 ఓములు వచ్చునవి విరివిగ ఉన్నవి. మొదటి రకపు ఫ్లోటుకు రెండవ రకపు మీటరు కలిపినచో, ట్యాంకు నిండిన కొలది ముల్లు ఖాళీ వైపు నడచును. ఇది ఎవరికైనను పట్టుబడును గనుక పెద్ద ప్రమాదము లేదు. వేడి మీటరులోను, ఆయిలు మీటరులోను ఇట్టి పొరపాటు జరిగినపుడు మాత్రము పైకి ఏమియు తెలియదు. 105 డిగ్రీలకు పోయిన ఇంజనును ముల్లు 80 అని చూపుచునే యుండును. కాబట్టి మీటరును సెండరుతో కలిపి ఒకే పెట్టెలో వచ్చినదానినే కొనవలెనని మా గట్టి సలహా. పెట్రోలు మీటరు విషయములో మాత్రము ట్యాంకు విప్పకుండ, పాత ఫ్లోటు ఓములను మల్టీమీటరుతో కొలిపించి, దానికి సరిపోవు మీటరునే వెదకుట మేలు. పెట్రోలు ఆవిరి ఉన్నచోట పానాల రాపిడి కూడ మంచిది కాదు.

మార్చుటకు ముందు చూడవలసినవి

మీటరు చెడినదని మెకానిక్కు చెప్పగానే తీసివేయరాదు. పాత బండ్లలో ఎక్కువభాగము దోషము మీటరుది కాదు, తుప్పుపట్టిన ఎర్తుది. ముప్పది ఏండ్లు వానకు తడిసిన బండిలో, ఛాసిస్‌కు బిగించిన ఎర్తు వైరు కొన తెల్లగ పొడి కట్టియుండుట సామాన్యము. దానిని విప్పి ఎమరీ కాగితముతో రుద్ది మరల బిగించిన తోడనే చచ్చినదనుకొన్న ముల్లు లేచి కూర్చుండును.

తరువాత ఇంకొక సులభ పరీక్ష కలదు. ఇగ్నిషను తిప్పి, ఇంజను సెండరు వైరును ఊడదీసి, ఒక్క క్షణము ఇనుప భాగమునకు తాకించవలెను. మన పాత బండ్లలో విరివిగ ఉండు రకములో, ఓములు తగ్గిన కొలది పైకి పోవు ముల్లు గనుక, అది వెంటనే చివరివరకు లేవవలెను. లేచినచో ముల్లు, వైరు రెండును బాగున్నవి, దోషము సెండరుది. లేవనిచో వైరునో, మీటరునో అనుమానించవలెను. తాకించి అట్లే పట్టుకొనరాదు, మీటరు కాలును. పెట్రోలు ట్యాంకు దగ్గర ఈ పరీక్ష బొత్తిగ పనికిరాదు.

ఇంగ్లీషు కార్ల నమూనాపై వచ్చిన పెక్కు బండ్లలో డాష్‌బోర్డు వెనుక అగ్గిపెట్టెవంటి ఒక చిన్న డబ్బా ఉండును. అది బ్యాటరీనుండి వచ్చు 12 వోల్టులను సగటున 10 వోల్టులకు తగ్గించి, పెట్రోలు మీటరుకు వేడి మీటరుకు అందించును. రెండు మీటర్లును ఒక్కసారి పిచ్చిలెక్కలు చూపినచో ముందుగ అనుమానించవలసినది దీనినే. క్రొత్త మీటర్లు సాధారణముగ నేరుగ 12 వోల్టులు కోరును. వానిని ఈ డబ్బాగుండ కలిపిన తక్కువ చూపవచ్చును. పాత మీటరును డబ్బా లేకుండ కలిపిన ఎక్కువ చూపి, తుదకు మాడిపోవును. రెండింటిలో ఒకదానినే మార్చుచున్నపుడు క్రొత్తదానికి వేరు వైరు లాగి, పాతదానిని డబ్బామీదనే ఉంచవలెను. ఇది తెలియని చేతులలో మంచి మీటర్లు పాడగుట కలదు.

బ్యాటరీ ధన కొనను ఛాసిస్‌కు కలిపిన అతి పాత బండ్లు, 6 వోల్టుల బండ్లు కూడ అక్కడక్కడ మిగిలియున్నవి. వానికి నేటి మీటర్లు నేరుగ పనికిరావు.

ఆంపియరు మీటరు వలని అగ్ని భయము

పాత జీపులలో, ట్రాక్టర్లలో ఉండు ఆంపియరు మీటరును గురించి కొంచెము విపులముగ చెప్పవలసియున్నది. ఇది తక్కిన మీటర్లవంటిది కాదు. స్టార్టరు లాగుకొను కరెంటు తప్ప, బ్యాటరీకి పోవునదియు బ్యాటరీనుండి వచ్చునదియు అంతయు దీనిలోనుండియే ప్రవహించును. డైనమో కాలములో ఆ ప్రవాహము తక్కువగ ఉండెడిది. 30 ఆంపియర్ల మీటరు సరిపోయెడిది. తరువాత యజమానులు డైనమో తీసి ఆల్టర్నేటరు పెట్టించిరి. పెద్ద దీపములు, గట్టి హారను, పాటల పెట్టె చేర్చిరి. మీటరు మాత్రము పాతదే నిలిచినది. దాని వెనుకనున్న రెండు నట్లలో ఏ ఒక్కటి గుంతల దారులలో అదిరి వదులైనను, అచ్చట వేడి పుట్టి తొడుగు కరగి మంట లేచును. ఆ వైరులకు చాల బండ్లలో ఫ్యూజు కూడ ఉండదు.

దీనికి బదులు వోల్టు మీటరు పెట్టుకొనుట ఉత్తమము. వోల్టు మీటరుగుండ పోవు కరెంటు అతిస్వల్పము. ఒక కొన ఇగ్నిషను తరువాతి వైరుకు, రెండవ కొన ఎర్తుకు కలిపినచో చాలును. దారిలో 3 లేక 5 ఆంపియర్ల ఫ్యూజు నుంచవలెను. కాని ఆంపియరు మీటరును విప్పినపుడు దాని రెండు లావు వైరులను వదలివేయరాదు. బండికి కరెంటంతయు ఆ బాటనే రావలెను. రెండు కొనలను ఒకే బోల్టుతో గట్టిగ కలిపి, ఇనుమునకు తాకకుండ మంచి తొడుగు వేయవలెను. ఆ రెండింటిని వోల్టు మీటరు రెండు కొనలకు తగిలించుట పెద్ద పొరపాటు. అపుడు బండిలో దీపము కూడ సరిగ వెలుగదు.

వోల్టు మీటరును చదువుట స్టార్టరు డబ్బాను చదివిన రైతుకు కష్టము కాదు. ఇంజను ఆపి ఉన్నపుడు బాగున్న బ్యాటరీ 12.4 నుండి 12.7 వరకు చూపును. ఇంజను నడచునపుడు 13.8 నుండి 14.4 వరకు ఉండవలెను. నడచుచున్నపుడు కూడ 12కు దిగిపోవుచున్నచో ఛార్జి అగుట లేదు. 15 దాటినచో రెగ్యులేటరు చెడినది, బ్యాటరీ ఉడికిపోవుచున్నది.

ఇక్కడనే ఇంకొక హెచ్చరిక. ఛార్జి తెలుపు ఎర్రదీపమును, వోల్టు మీటరు వచ్చినది గదా యని తీసివేయుదురు. చాల ఆల్టర్నేటర్లు తొలుత మేలుకొనుటకు కావలసిన కొద్దిపాటి కరెంటు ఆ దీపము ద్వారానే అందును. దీపము పోయిన ఆల్టర్నేటరు ఛార్జి చేయకపోవచ్చును. పాత హెచ్చరిక దీపములు ఏవియైనను పనిచేయుచున్నంతకాలము వానిని కదల్చకుండుటయే మంచిది. మనిషి ముల్లు చూడక మరచినను, ఎర్రదీపము కంట పడును.

వేడి, ఆయిలు

మన వైపు వేసవిలో ఎండ 44, 45 డిగ్రీలకు పోవుట వింత కాదు. ఆ ఎండలో పాత ఇంజనుకు నీరే ప్రాణము. థర్మోస్టాటు సాధారణముగ 82 డిగ్రీల ప్రాంతమున తెరచుకొనును. 80 నుండి 95 వరకు ముల్లు ఉండుట ఆరోగ్యలక్షణము. రేడియేటరు మూత లోపలి ఒత్తిడిని నిలిపి, నీరు మరుగు ఉష్ణమును పెంచును. 7 పౌన్ల మూత ఉన్నచో నీరు 111 డిగ్రీలవరకు మరుగక నిలువగలదు. అందువలననే వేడి ఇంజను మూత విప్పిన మరుక్షణము నీరంతయు ఒక్కపెట్టున ఆవిరియై ముఖముమీదికి ఎగయును.

క్రొత్త వేడి మీటరును బిగించుటకు ముందే ఇంటిలో పరీక్షింపవచ్చును. పొయ్యిమీద ఎసరు పెట్టి, మరుగుచున్న నీటిలో సెండరు మొనను మాత్రము ముంచి, దాని ఇత్తడి ఒంటికి ఎర్తు వైరు చుట్టి, మీటరును బ్యాటరీకి కలుపవలెను. మన ప్రాంతపు ఎత్తున నీరు నూటికి ఒక డిగ్రీ తక్కువలో మరుగును. ముల్లు 100 దరిదాపులలో నిలిచినచో జోడు సరియైనది. 85 వద్దనో 115 వద్దనో నిలిచినచో దుకాణమునకు తిరిగి ఇచ్చివేయవలెను. ఈ పరీక్షకు ఖర్చు లేదు, కాలము పావుగంట చాలును. ఇది చేయక బిగించువారే ఎక్కువమంది.

సెండరు మరకు టెఫ్లాను టేపు దట్టముగ చుట్టుట కూడ ఒక దురలవాటు. ఒంటి వైరు సెండరుకు ఎర్తు మరగుండనే దొరకవలెను. టేపు ఆ దారిని మూయును, ముల్లు తక్కువ చూపును. మర కొలతలు కుదరనపుడు ఇత్తడి అడాప్టరు వాడవలెను గాని బలవంతముగ త్రిప్పరాదు. పాత సిలిండరు హెడ్డులోని మర ఒకసారి చెడినచో సరిచేయించుట మీటరు వెలకంటె ఎన్నో రెట్లు ఖర్చగును.

ముల్లు ఎంత మంచిదైనను మోసపోవు సందర్భమొకటి కలదు. గొట్టము పగిలి నీరంతయు పోయినపుడు సెండరు మొన నీటిలో మునిగియుండదు. ఇంజను ఇనుము మండుచున్నను, ముల్లు పైకి పోవుటకు మారు క్రిందికి దిగును. ఎత్తుననున్న ముల్లు అకస్మాత్తుగ పడిపోయినచో చల్లబడినదని సంతసింపక, వెంటనే బండి ఆపవలెను.

ఆయిలు ఒత్తిడి మీటర్లు రెండు విధములు. ఒకటి విద్యుత్తుతో పనిచేయునది. రెండవది ఆయిలునే సన్నని గొట్టముగుండ మీటరువరకు తెచ్చునది. ఈ రెండవదానిలోనున్నది 1849లో ఫ్రాన్సు దేశీయుడైన యూజీన్ బోర్డను పేటెంటు పొందిన వంకర గొట్టము. జాతరలో పిల్లలు ఊదు చుట్ట కాగితపు బూర ఊదిన కొలది విప్పుకొనునట్లు, లోపలి ఒత్తిడికి ఆ గొట్టము కొంచెము సాగి ముల్లును త్రిప్పును. పంక్చరు దుకాణములోని గాలి మీటరుది ఇదే సూత్రము. అది నమ్మకమైనది, కరెంటు అక్కరలేనిది. కాని కాగిన ఆయిలు గొట్టము బండిలోపలికి వచ్చుచున్నది గదా. సన్నని ప్లాస్టిక్ గొట్టము వేడి పైపునకు తగిలి కరగినను, రాగి గొట్టము అదురునకు చీలినను, ఆయిలు నడుపువాని కాళ్ళపై పడును, ఇంజను ఆయిలు ఖాళీయగును. ఇంటిల్లిపాది ఎక్కు బండికి విద్యుత్తు మీటరే మేలని మా అభిప్రాయము. రాగి గొట్టమే వేయదలచినవారు ఇంజను ప్రక్కన రెండు మూడు చుట్లు చుట్టి అదురును మ్రింగనీయవలెను. గొట్టము ఇనుప తెరను దాటుచోట రబ్బరు తొడుగు ఉంచవలెను.

పాత స్విచ్చిని తీసివేసి ఆ చోట క్రొత్త సెండరు పెట్టిన దీపము పోవును. కావున మూడు దారుల ఇత్తడి ముక్క వేసి రెండింటిని నిలుపుకొనవలెను. అయితే ఆయిలు దీపము సామాన్యముగ ఒత్తిడి 5, 7 పౌన్లకు దిగిన తరువాతనే వెలుగును. అప్పటికి బేరింగులకు నష్టము మొదలైయుండును. మీటరు ప్రయోజనము ఇక్కడనే ఉన్నది. బాగుగ వేడెక్కిన పాత ఇంజనుకు ప్రతి వేయి చుట్లకు సుమారు 10 పౌన్ల ఒత్తిడి ఉండవలెనని మెకానిక్కులు మోటు లెక్క చెప్పుదురు. అంతకంటె ముఖ్యము తన బండి అలవాటును తానెరుగుట. ప్రతిదినము 40 చూపు ముల్లు ఒకనాడు 25 చూపినచో, దీపము వెలుగకున్నను ఆయిలు కడ్డీ తీసి చూడవలెను.

వేగపు మీటరు

వేగపు మీటరును ఇష్టము వచ్చినట్లు మార్చుట తగదు. 1902లో జర్మనీ దేశీయుడైన ఆటో షుల్జె పేటెంటు పొందిన పద్ధతియే పాత బండ్లన్నిటిలోను ఉన్నది. గేరు పెట్టెనుండి వచ్చు తీగ ఒక అయస్కాంతమును త్రిప్పును. అది ప్రక్కనున్న అల్యూమినియము గిన్నెను తాకకుండనే ఈడ్చును. సన్నని స్ప్రింగు ఆ గిన్నెను ఆపి పట్టుకొని వేగమును చూపును. ఆ తీగ ఒక కిలోమీటరుకు ఎన్ని చుట్లు తిరుగునో ఒక్కొక్క బండికి ఒక్కొక్క లెక్క. బజారు మీటరు లెక్క వేరైనచో, లేక పెద్ద టైర్లు వేసినచో, 50లో పోవు బండిని 40 అని చూపవచ్చును. గొర్రెల మంద అడ్డమువచ్చు మలుపున ఆ పది కిలోమీటర్ల తేడా స్వల్పమైనది కాదు. మైళ్ళలో గీతలున్న పాత బిళ్ళలు ఇంకను కొన్ని బండ్లలో ఉన్నవి. ఒక మైలు 1.609 కిలోమీటర్లు.

పరీక్ష సులభము. రోడ్డు ప్రక్క కిలోమీటరు రాళ్ళున్నచోట, రద్దీ లేని వేళ, ముల్లును 50 వద్ద నిలిపి నడుపుచుండగా, ప్రక్కన కూర్చున్నవారు గడియారము పట్టుకొని ఒక రాతినుండి మరియొక రాతివరకు ఎన్ని సెకండ్లు పట్టినదో చూడవలెను. 72 సెకండ్లు పట్టిన మీటరు సరియైనది. 60 సెకండ్లలోనే చేరినచో బండి నిజముగ 60లో పోవుచున్నది. నేడు సెల్‌ఫోను కూడ వేగమును చూపుచున్నది గనుక రెండింటిని సరిచూచుకొనవచ్చును.

1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళి 117వ నియమము వేగపు మీటరును గురించినదే. స్వంత కారుకు 15 సంవత్సరములు నిండిన పిమ్మట రిజిస్ట్రేషనును అయిదేండ్లకొకసారి పునరుద్ధరించుకొనవలెను గనుక, పనిచేయని వేగపు మీటరుతో రవాణా కార్యాలయమునకు పోవుట వృథా శ్రమయగును. మార్చుచున్ననాడు పాత మీటరులోని కిలోమీటర్ల సంఖ్యను, తేదీని ఒక కాగితముపై వ్రాసి, మెకానిక్కు సంతకము చేయించి బండి కాగితములతో నుంచవలెను. రేపు బండి నమ్మునపుడు కొనువాడు అడుగును. సంఖ్యను తగ్గించి చూపుట మోసమే.

బిగించునపుడు బ్యాటరీ ఎర్తు కొనను ముందుగ ఊడదీయవలెనని వేరుగ చెప్పనక్కరలేదనుకొందుము. చిన్న మీటర్ల రంధ్రము 52 మిల్లీమీటర్లు, అనగా రెండంగుళములకు కొంచెము మించి ఉండును. పాత రంధ్రమును కొలిచియే దుకాణమునకు పోవలెను. అసలు ఇనుప పలకను కోయుటకంటె దాని క్రింద వేరొక చిన్న పలక వ్రేలాడదీయుట మంచిది. చెక్క పలకనో ఫైబరు పలకనో వాడినపుడు మీటర్లకు ఇనుము ద్వారా ఎర్తు దొరకదు గనుక, ప్రతిదాని వెనుకనుండి ఒక నల్ల వైరు లాగి ఛాసిస్‌కు బిగించవలెను. మారుతి 800 వంటి కార్లలో మీటర్లన్నియు ఒకే ప్లాస్టిక్ పెట్టెలో, సన్నని రేకుబాటల పలకపై అమర్చియున్నవి. అందులో ఒక్కదానిని పెరికి మరియొకటి పెట్టుట కుదరదు. అట్టివానికి అదనపు మీటరును విడిగ నుంచుకొనవలసినదే.

పెట్రోలు మీటరును మార్చినవారు ట్యాంకు దాదాపు ఖాళీయైననాడు బంకుకు పోయి, అయిదేసి లీటర్లు పోయించుచు, ప్రతిసారి ముల్లు ఎక్కడ నిలిచినదో వ్రాసుకొనవలెను. ట్యాంకు ఆకారము సమముగ ఉండదు గనుక సగము గీత వద్ద సగము పెట్రోలు ఉండునని తలపరాదు. ఆ కాగితమును సన్‌వైజరుకు అంటించియుంచిన యెడల ఇంటిలో ఎవరు బండి తీసినను చదువుకొందురు. తీసివేసిన పాత మీటర్లను మాత్రము పాత ఇనుము వానికి తూకమునకు వేయక, గుడ్డలో చుట్టి దాచవలెను. అంబాసిడరు బిళ్ళలను విప్పి బాగుచేయు పనివారు పట్టణములలో ఇంకను ఉన్నారు.